హైటెన్షన్ తీగలు, ప్రయోగశాల ఎలుకలు

ప్రశ్న: మాది ముత్తుకూరు మండలం. నేలటూరు థర్మల్ కేంద్రం నుంచి వచ్చే 400 కె.వి. తీగలు మా చేను మీదుగా పోతున్నాయి. వాటి చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం వల్ల ఎలుకలకు క్యాన్సర్ వచ్చినట్లు ప్రయోగాల్లో తేలిందని విన్నాను. నిజమేనా? – ఒక పాఠకురాలు

జవాబు: మీరు విన్న మాటకు ఆధారం లేకపోలేదు. జర్మనీలోని హానోవర్ పరిశోధకులు 1990ల మొదట్లో, రొమ్ము కణుతులు పుట్టించే డి.ఎం.బి.ఏ. అనే రసాయనాన్ని ఆడ ఎలుకలకు ఇచ్చి, వాటిలో ఒక గుంపును సెకనుకు 50 సార్లు ఊగే (50 హెర్ట్జ్), 100 మైక్రోటెస్లాల (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) క్షేత్రంలో వారాల తరబడి ఉంచగా, ఆ గుంపులో కణుతులు ఎక్కువగా కనిపించాయి. అయితే క్యాన్సర్‌ను మొదలుపెట్టింది రసాయనమే. క్షేత్రం దాన్ని ఎగదోసిందా అన్నదే వారు పరీక్షించిన విషయం. ఇటువంటి ప్రయోగమే అమెరికాలో చేసినప్పుడు ఆ పెరుగుదల కనబడలేదు. స్ప్రాగ్-డాలీ అనే ఒకే పేరున్న ఎలుకల్లోనూ ఉపజాతిని బట్టి స్పందన మారుతుందని హానోవర్ వారు ఆ తర్వాత వివరించారు. మొలగొలుకులని చెప్పి రెండు చోట్ల అమ్మిన విత్తనం ఒకే తీరుగా పండకపోవడం మీకు తెలియనిది కాదు.

రసాయనం లేకుండా చేసిన పెద్ద ప్రయోగం అమెరికా జాతీయ టాక్సికాలజీ (విషప్రభావాల అధ్యయనం) కార్యక్రమానిది. ఎలుకలను, చిట్టెలుకలను రోజుకు పద్దెనిమిదిన్నర గంటల చొప్పున రెండేళ్లపాటు 2 నుంచి 1000 మైక్రోటెస్లాల క్షేత్రాల్లో ఉంచి, 1999లో ఫలితాలు ప్రకటించారు. ఆడ ఎలుకల్లో గానీ, చిట్టెలుకల్లో గానీ క్యాన్సర్ పెరిగిన దాఖలా లేదు. మగ ఎలుకల థైరాయిడ్ కణుతుల విషయంలో మాత్రం ఎటూ తేల్చలేకపోయారు. ఎందుకంటే ఆ పెరుగుదల 2, 200 మైక్రోటెస్లాల గుంపుల్లో కనిపించింది గాని, అంతకన్నా బలమైన 1000 గుంపులో కనిపించలేదు. మోతాదు పెరిగినప్పుడు తగ్గే హానిని నమ్మడం నాకు కష్టమే.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ క్షేత్రాలను ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అనే 2బి వర్గంలో చేర్చింది. అందుకు కారణం ఎలుకలు కావు, జంతువుల ఆధారాలు చాలవనే ఆ సంస్థ చెప్పింది, సగటున 0.4 మైక్రోటెస్లాలకు మించిన క్షేత్రమున్న ఇళ్లలోని పిల్లల్లో రక్త క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిన గణాంకాలే కారణం.

తీగల కింద ట్యూబులైటు దానంతటదే వెలగడం విద్యుత్ క్షేత్రం పని, మీరడిగిన అయస్కాంత క్షేత్రం వేరు. అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ త్వరగా తగ్గుతుంది. కాబట్టి చేను సంగతి అటుంచి, పిల్లలు పడుకునే ఇల్లు తీగలకు ఎంత దూరంలో ఉందో చూడండి. బాగా దగ్గరైతే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే గాస్ మీటరుతో కొలిపించుకోండి.