ఆయాసం వస్తుందని కూర్చుండిపోకు

చిరంజీవికి ఆశీస్సులు.

సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు సన్నబడి గాలి సరిగ్గా ఆడని దీర్ఘకాలిక జబ్బు, అని తేలినప్పటి నుంచి నువ్వు మెట్లు ఎక్కడం మానేశావనీ, ఇల్లు దాటడం లేదనీ విన్నాను. జాగ్రత్త అనుకుని చేస్తున్న ఈ పనే రేపు నీ ఆయాసాన్ని పెంచుతుంది. కదలకుండా ఉంటే ముందు కరిగేది కాళ్ళ కండ. కండ తగ్గిన కాళ్ళు అవే నాలుగడుగులకు ఎక్కువ గాలి అడుగుతాయి. ఆయాసం ఇంకా ముందే మొదలవుతుంది, దానికి భయపడి నువ్వు ఇంకాస్త తగ్గిస్తావు. దెబ్బతిన్న ఊపిరితిత్తులను మళ్ళీ కొత్తవి చేయలేం గానీ కాళ్ళకు బలం తెచ్చుకోవచ్చు.

ముందు ఊపిరి వదలడం నేర్చుకో. గాలి అందడం లేదని ఇంకా ఇంకా లోపలికి లాగుతారు చాలామంది. ఈ జబ్బులో అసలు చిక్కు గాలి బయటికి పోవడంలో ఉంది. సన్నబడ్డ గొట్టాలు ఊపిరి వదిలేటప్పుడు ముందే మూసుకుపోతాయి, పాతగాలి లోపలే ఉండిపోతుంది, ఇక కొత్తగాలికి చోటేదీ? అందుకని ముక్కుతో 2 లెక్కపెట్టేంత సేపు పీల్చి, ఈల వేయబోతున్నట్టు పెదాలు దగ్గరకు తెచ్చి 4 లెక్కపెట్టేంత సేపు వదులు. గట్టిగా ఊదకు, మెల్లగా పోనివ్వు. తీరుబడిగా కూర్చున్నప్పుడే అలవాటు చేసుకో, ఆయాసం ముంచుకొచ్చాక నేర్చుకోవడం కుదరదు. వంగేటప్పుడు, లేచేటప్పుడు, బరువెత్తేటప్పుడు, సరిగ్గా శ్రమపడే ఆ క్షణంలో ఊపిరి వదలాలి. మెట్ల దగ్గర నిలబడి పీల్చు, వదులుతూ ఒకటో రెండో ఎక్కు, మళ్ళీ ఆగు.

నడక 5 నిమిషాలే చేతనైతే అక్కడే మొదలుపెట్టు, కానీ రోజూ నడువు. వారానికి ఒకటి రెండు నిమిషాలు కలుపుకుంటూ పో. కొద్దిగా ఆయాసం రావాలి, అయినా చిన్న వాక్యం పలకగలగాలి. అదే నీ కొలత. ఛాతీలో నొప్పి, తల తిరగడం వస్తే ఆపేసి డాక్టరుకు చెప్పు. పల్మనరీ రీహాబిలిటేషన్, అంటే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకు వ్యాయామం, ఊపిరి పద్ధతులు నేర్పే శిక్షణ, అందుబాటులో ఉందేమో కూడా అడుగు, వదులుకోదగ్గది కాదు.

ఇన్‌హేలర్ విషయంలో మాత్రం సడలింపు లేదు. నొక్కి పీల్చేదాన్ని బాగా గిలక్కొట్టు. ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు దాని చుట్టూ బిగించి, మెల్లగా పీల్చడం మొదలవగానే నొక్కు. 4, 5 సెకన్లు నిదానంగా లాగి, 10 సెకన్లు బిగబట్టు. రెండో పఫ్‌కి అర నిమిషమైనా ఆగి మళ్ళీ గిలక్కొట్టు. జోరుగా లాగితే మందు గొంతు వెనకే తగిలి ఆగిపోతుంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే స్పేసర్, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం, పెట్టుకో. దాన్ని సబ్బునీళ్ళతో కడిగి గాలికి ఆరనివ్వాలి. గుడ్డతో తుడిస్తే రాపిడికి స్టాటిక్ విద్యుత్తు పుట్టి మందు గోడలకు అంటుకుంటుంది. పొడిమందు ఇన్‌హేలర్‌ది వేరే పద్ధతి. నీ ఊపిరి బలమే పొడిని లేపాలి కనక గట్టిగా, వేగంగా లాగాలి. దాంట్లోకి ఊపిరి వదిలావంటే తేమకు పొడి గడ్డకడుతుంది. స్టెరాయిడ్ ఉన్న మందైతే నోరు పుక్కిలించి ఉమ్మెయ్యి, లేకపోతే నాలుక మీద తెల్లపూత వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది: ఒంట్లో బాగున్న రోజున రోజువారీ మందు మానేసి, ఆయాసం వచ్చాక తక్షణ ఉపశమనం ఇచ్చేదాన్ని పదేపదే వాడటం.

పొగ విషయంలోనూ సడలింపు లేదు. నీ సిగరెట్టే కాదు, పక్కవాడిదీ, పొయ్యిదీ, దోమల చుట్టదీ వద్దు.

మిగతావన్నీ సర్దుకోవచ్చు. స్నానం ఎత్తుపీట మీద కూర్చుని చెయ్యి, ఆవిరి పోయేలా కిటికీ తీసి ఉంచు. ఒళ్ళు తుడుచుకోవడమే కష్టమనిపిస్తే పెద్ద తువ్వాలు కప్పుకుని కూర్చుంటే చాలు. కడుపు నిండా తింటే పొట్ట పైకి నొక్కి ఊపిరి ఆడదు, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తిను. శ్రమ ఉన్న పనులు రెండు ఒకే పూట పెట్టుకోకు. పదిమంది కలిసే చోటికి తప్పకుండా వెళ్ళు: ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన ప్రకారం న్యుమోనియా టీకా వేయించుకో, జనంలో మాస్కు పెట్టుకో, జేబులో ఇన్‌హేలర్ ఉంచుకో. జలుబు చేసినవాళ్ళని కలవడం మాత్రం వాయిదా వెయ్యి.

మామూలు రోజున కఫం ఎంత పడుతుందో, ఏ రంగులో ఉంటుందో గుర్తుపెట్టుకో. అది పెరిగినా, పచ్చబడినా, ఆయాసం ఎక్కువైనా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యి. కూర్చున్నా మాట రాకపోతే, పెదాలు నీలంగా మారితే, మగతగా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్‌ను గంటగంటకూ చూసుకోకు. నీకు ఎంత ఉండాలో డాక్టరును అడిగి రాసుకో. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే వాళ్ళకు 88 నుంచి 92 శాతం చాలంటారు. ఇంట్లో ఆక్సిజన్ పెట్టినా 98 కోసం సొంతంగా పెంచకూడదు, వాళ్ళకు మగత కమ్మేది అలాగే. ఆక్సిజన్ నడుస్తున్నంతసేపూ దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ఈ వారం ఎన్ని నిమిషాలు నడిచావో, ఎక్కడ ఆగాల్సి వచ్చిందో రాసి పంపు.