పర్షియా మీద గ్రీకులంతా ఒక్కటై పోరాడారా?

లేదు, క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్క్సెస్ దండెత్తి వచ్చినప్పుడు వందల గ్రీకు నగర రాజ్యాల్లో ఎదురు నిలిచినవి కొన్నే. గెలిచాక గ్రీకుల పుణ్యక్షేత్రం డెల్ఫీలో పెట్టిన కంచు సర్పస్తంభం మీద చెక్కిన, పోరాడిన రాజ్యాల పేర్లు 31. అప్పటికి గ్రీసు అనే ఒకే దేశం లేదు, ఏ నగరానికి ఆ నగరమే రాజ్యం, పైగా ఇరుగుపొరుగుతో తరాల నాటి పగలు. స్పార్టా అంటే పడని ఆర్గోస్ నగరం పక్కకు తప్పుకుంది. ఉత్తరాన ఉన్న థెస్సలీ ప్రాంతం అయితే పర్షియా సైన్యం వచ్చే దారిలోనే ఉంది, కాపాడతామని వచ్చిన మిత్రసేన వెనక్కి వెళ్లిపోయాక లొంగక ఏం చేస్తుంది?

మరో గ్రీకు నగరం థీబ్స్‌నే చూడండి. 479లో ప్లటేయా యుద్ధంలో థీబ్స్ సైనికులు పర్షియా వైపు నిలబడి ఏథెన్స్ వాళ్లతో గట్టిగా తలపడ్డారు, అంటే గ్రీకులే గ్రీకులను చంపుకున్నారు.

480లో గ్రీకులు పర్షియా సైన్యాన్ని అడ్డుకున్న ఇరుకు దారి థెర్మోపిలేలో 300 మంది స్పార్టన్లే పోరాడారని చాలామంది అనుకుంటారు. మొదట అక్కడున్నది దాదాపు 7,000 మంది గ్రీకులు. చివరి రోజున కూడా థెస్పియా అనే చిన్న ఊరి నుంచి వచ్చిన 700 మంది కదలకుండా నిలబడి ప్రాణాలిచ్చారు, ఆ తర్వాత వాళ్ల ఊరిని పర్షియన్లు తగలబెట్టారు. వాళ్లను పెద్దగా ఎవరూ తలచుకోకపోవడం నిజంగా అన్యాయం.