అన్నయ్య స్పీకర్లను సరిదిద్దబోతున్న అబ్బాయికి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నిన్న రాత్రి వదిన ఫోన్ చేసి, నువ్వు మీ నాన్న స్పీకర్లను అటక మీద నుంచి దించావనీ, కొలత మైకు ఒకటి తెప్పించి కంప్యూటర్‌లో ఈక్వలైజర్ (ఏ స్వరాన్ని ఎంత పెంచాలో, తగ్గించాలో సర్దే సాధనం) పెట్టి వాటి శబ్దాన్ని సరిచేయబోతున్నావనీ చెప్పింది. ఏడేళ్లుగా దుప్పట్లలో చుట్టి ఉన్న ఆ పెట్టెలు మళ్లీ పలుకుతాయన్న సంతోషంతో నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ పని నువ్వు ఒంటరిగా మొదలుపెడతావన్న బెంగతో ఆ తరువాత కూడా పట్టలేదు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసే ఉంటాయి. కింది స్వరాలు పలికించే పెద్ద డ్రైవరు, అదే వూఫర్, అంచు చుట్టూ ఉన్న రబ్బరు పగలలేదని చూసుకో. మైకును నువ్వు కూర్చునే చోట చెవి ఎత్తున స్టాండుకు బిగించి, దాని సీరియల్ నంబరుకు ఇచ్చిన క్యాలిబ్రేషన్ ఫైలును, అంటే ఆ మైకు తేడాలను సవరించే ఫైలును, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించు. కొలిచేంతసేపూ ఫ్యాను, ఏసీ ఆపు. ఒక్క చోటుతో సరిపెట్టుకోకుండా తల చుట్టూ ఆరేడు చోట్ల కొలిచి సగటు తీసుకో.

నీకు తెలియని సంగతి ఒకటి ఉంది. ఎడమ స్పీకరులో ఉన్న వూఫర్ కాయిల్ (కరెంటు పారే తీగ చుట్ట), దానితో కదిలే కోన్ అసలువి కావు. అసలువి నా చేతిలో కాలిపోయాయి.

అది 2014 వేసవి; నువ్వు హాస్టల్లో ఉన్నావు. సొంత ఇల్లు కట్టుకోకముందే ఆ స్పీకర్లు కొన్న మనిషి మీ నాన్న. వాటిని ఇంకా బాగా పలికిస్తానని నేను మైకు, ల్యాప్‌టాప్ పట్టుకుని విజయవాడ వచ్చాను. రేడియో స్టూడియోల్లో ముప్పై ఏళ్లు మీటర్ల ముందు కూర్చున్నవాణ్ణి కదా, నాకు చెప్పేవారెవరన్న ధీమా. కొలిస్తే, ఏ స్వరం ఎంత గట్టిగా వినబడుతోందో చూపే గ్రాఫులో 40 హెర్ట్జ్ దగ్గర ఒక గుట్ట, 72 దగ్గర ఒక గుంట కనిపించాయి. గుట్ట హాలు పొడవు వల్ల వచ్చింది: గోడకూ గోడకూ 4.3 మీటర్లు ఉన్నప్పుడు సరిగ్గా ఆ తరంగంలో సగం ఆ మధ్య ఇముడుతుంది. సినిమా పాటల్లో బేస్ గిటారు అట్టడుగు తీగ 41 హెర్ట్జ్‌లో మోగుతుంది కనుక, ఆ ఒక్క స్వరం వచ్చినప్పుడల్లా గది బుంగలో నోరు పెట్టి అరిచినట్లు మోగేది. అక్కడ ఈక్వలైజర్‌లోని ఒక ఫిల్టరుతో 8 డెసిబెళ్లు తగ్గించాను. హోరు పోయింది, స్వరం సాగదీత కూడా పోయింది. మీ నాన్న భుజం తట్టారు. అంతటితో ఆగి ఉండవలసింది.

గుంటను కూడా పూడ్చాలనిపించింది. గీత చదునుగా రాలేదని వచ్చిన పట్టుదలే తప్ప, పాటలో లోటు ఎవరికీ వినబడలేదు. 72 దగ్గర 12 డెసిబెళ్లు పెంచాను. గుంట అలాగే ఉంది. సరే చెవితో చూద్దామని, ఎడమ స్పీకరులో ఆ ఒక్క స్వరాన్ని ఆగకుండా పెట్టి సోఫాలో కూర్చున్నాను. ఏమీ వినబడటం లేదని వాల్యూమ్ పెంచాను, మళ్లీ పెంచాను. వంటింట్లో అల్మరాలో గిన్నెలు గలగలమంటున్నాయని మీ అమ్మ రెండుసార్లు పిలిస్తే, ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించాను. ఆ గిన్నెలు చెబుతున్నది నా మీటర్లకన్నా నిజమని నాకు తట్టలేదు. కాసేపటికి వార్నిష్ మాడిన వాసన వచ్చింది.

జరిగింది ఇది. స్పీకరు ముఖం వెనుక గోడకు 1.2 మీటర్ల దూరంలో ఉంది. వెనక్కి పోయిన శబ్దం గోడకు తగిలి తిరిగి వచ్చేసరికి 2.4 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. 72 హెర్ట్జ్ తరంగంలో అది సరిగ్గా సగం కాబట్టి, నేరుగా వచ్చిన శబ్దాన్ని గోడ నుంచి తిరిగి వచ్చినది కొట్టేస్తుంది. నువ్వు ఎంత పెంచితే గోడ నుంచి తిరిగి వచ్చేది కూడా అంతే పెరుగుతుంది, సోఫాలో మాత్రం నిశ్శబ్దమే. 12 డెసిబెళ్లంటే పదహారు రెట్ల శక్తి. నాలుగు వాట్లు చాలే చోట అరవై నాలుగు వాట్లు ఆ సన్నని తీగ చుట్టలోకి పోశాను.

మీ నాన్న ఒక్క మాట అనలేదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి కాయిల్, కోన్ మార్పించుకుని వచ్చాక, ఊడ్చడానికి అడ్డం వస్తున్నాయని మీ అమ్మ అంటే, రెండు పెట్టెలనూ గోడకు జానెడు దూరానికి జరిపేశారు. కొలిచి చూస్తే గుంట లేదు! దాని బదులు కింది స్వరాలు కాస్త ఉబ్బాయి. ఉబ్బును తగ్గించడం ఎలాగూ తేలికే. నా చదువంతా చేయలేనిది చీపురు చేసిందని ఆయన చాలాకాలం నవ్వేవారు.

అందువల్ల ముందు స్పీకర్లను, కుర్చీని జరిపి చూడు, తరువాతే ఫిల్టర్ల జోలికి పో. గుట్టలను తగ్గించు, లోతైన గుంటలను ముట్టుకోకు. ఎక్కడైనా రెండు మూడు డెసిబెళ్లు పెంచక తప్పకపోతే మొత్తం సిగ్నల్‌ను అంతకంటే కాస్త ఎక్కువే దించు. డిజిటల్‌లో గరిష్ఠ మట్టమైన సున్నా డెసిబెళ్లు దాటితే తరంగం తల తెగిపోతుంది. మన ఇళ్లలోని గదుల్లో 200, 300 హెర్ట్జ్‌ల పైన గ్రాఫులో కనబడే ప్రతి ముల్లునూ చదును చేయాలని చూడవద్దు. మైకు బెత్తెడు జరిగితే అవి మారిపోతాయి. పై స్వరాల వైపు గీత మెల్లగా వాలుతూ ఉండటమే సహజం; దాన్ని పట్టుబట్టి చదును చేస్తే వయొలిన్ చెవిలో గీరుతుంది. ఫిల్టర్లు పెట్టి, తీసి పోల్చేటప్పుడు రెండింటి బిగ్గరతనం సమానంగా ఉంచు, లేకుంటే బిగ్గరగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. ఈ మోసానికి నేను స్టూడియోలో కూడా లొంగాను.

ఎడమ కాయిల్ వేరు కనుక రెండు స్పీకర్లనూ విడివిడిగా కొలువు, కుడిదాని ఫిల్టర్లను ఎడమదానికి నకలు చేయకు. ఆ గ్రాఫులు రెండూ నాకు పంపు. నేను చూసేదాకా వాల్యూమ్ సగం దాటనివ్వవద్దు, ఒకే స్వరాన్ని పది సెకన్లకు మించి మోగనివ్వవద్దు. కోప్పడుతున్నానని అనుకోకు నాయనా, ఆ కుడి వూఫర్ ఒక్కటే మీ నాన్న కొన్నప్పటిది మిగిలింది.

కొలిచే రోజున మీ అమ్మను వంటింట్లో ఉండమను. గిన్నెలు మోగుతున్నాయని ఆమె చెబితే, చెయ్యి చూపించకుండా వెంటనే ఆపు.

ఆశీస్సులతో,
బాబాయి