పర్లాలో పాత ఇల్లా, పాతపట్నంలో ప్లాటా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మావారు రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 38,000. అద్దె 6,500. ఏడు లక్షలు కూడబెట్టాం. మామగారికి షుగరు, మోకాళ్ల నొప్పులు. తరచూ శ్రీకాకుళం తీసుకెళ్లాలి. పాప ఏడో తరగతి, బాబు నాలుగు. పర్లాలోనే మూడు డిసిమిళ్లలో పాత డాబా ఇల్లు 21 లక్షలు చెబుతున్నారు. ముగ్గురు తోబుట్టువుల్లో పెద్దాయన అమ్ముతున్నాడు. సరిహద్దుకు అవతల ఆంధ్రలోని పాతపట్నం వైపు 150 గజాల ప్లాటు 9 లక్షలు. కట్టడానికి మేస్త్రీ అడుగుకు 1,900 అడిగాడు, మాకు 900 అడుగులు చాలు. బరంపురం శివార్లలో ఫ్లాటు 28 లక్షలు. మావారు ప్లాటే కొందామంటారు, ఆంధ్రలో ఇల్లుంటే పిల్లలకు అక్కడి సీట్లు వస్తాయని. అత్తగారు పర్లా దాటనంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు బరంపురం సంగతి తేల్చేద్దాం. మీ ఇద్దరి ఉద్యోగాలూ పర్లాలో ఉండగా అక్కడ ఫ్లాటు కొంటే దానికి ఈఎంఐ, ఇక్కడ మళ్లీ అద్దె. అది పక్కన పెట్టండి.

మీవారి మాట కొట్టిపారేయదగ్గది కాదు, పిల్లల కోసమే అంటున్నారు. కానీ ఆంధ్రలో ఇల్లు కొన్నంత మాత్రాన పిల్లలు అక్కడ లోకల్ అయిపోరు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్కన, అర్హత పరీక్ష రాసే ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలన్నది ముఖ్యమైన నిబంధన. అంటే ఇంటి దస్తావేజు కాదు, స్కూలు సర్టిఫికెట్లు అడుగుతారు. పాపను అటు చదివించాలనుంటే ఇంటర్ చివరి ఏడాది నుంచి వెనక్కి లెక్క వేసుకుని స్కూలు మార్చండి. పాతపట్నం ఆటోలో వెళ్లొచ్చే దూరమేగా. అందుకోసం ఇల్లు అక్కడే కొనక్కర్లేదు.

ప్లాటు 9 లక్షలే కదా అనిపిస్తుంది. కట్టుబడి 17 లక్షల పైచిలుకు కలిపితే 26 దాటింది. ఆంధ్రలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అది మరో 67,500. బోరు, ప్రహరీ, కరెంటు మీటరు మేస్త్రీ చెప్పిన రేటులో ఉండవు. ఇల్లు లేచేదాకా అద్దె కడుతూనే, తీసుకున్న అప్పుకు వడ్డీ కూడా కట్టాలి. బ్యాంకులో ఇళ్ల అప్పుల సీట్లో కూర్చున్నన్నాళ్లూ చూశాను, స్లాబు పడ్డాక డబ్బు అయిపోయి తలుపులు లేని ఇంట్లోకి పిల్లలతో దిగిన కుటుంబాలను. మీకు ఆ అవస్థ వద్దు.

నా ఓటు పర్లాలోని పాత ఇంటికే. అయితే కాగితం సరిగ్గా ఉంటేనే.

పర్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక కొన్ని పాత ఇళ్లకు తెలుగు దస్తావేజులు ఉంటాయి. అది చదువుకుని ధైర్యపడకండి. ఇవాళ చూడాల్సింది ఖతియాన్, అంటే భూమి హక్కుల పత్రం, అది ఒడియాలో ఉంటుంది. ఒడిశా భూ రికార్డుల భూలేఖ్ వెబ్‌సైటులో మీరే తీసి, ఒడియా చదివేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మూడు చోట్ల వేలు పెట్టి చూడండి. ఒకటి, హక్కుదారు పేరు. అక్కడ ఇంకా చనిపోయిన తండ్రి పేరో తాత పేరో ఉంటే, ముందు మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించుకొమ్మనండి. తర్వాతే బేరం. రెండు, కిసం, అంటే భూమి రకం. ఘరబారి (ఇంటి స్థలం) అని ఉండాలి. వ్యవసాయ కిసం ఉంటే, దానిమీద మేడ ఉన్నా సరే, మార్పించే దాకా బ్యాంకు ముందుకు రాదు. మూడు, చివర్న మంతబ్య (రిమార్కుల) గడి. కేసు నంబరుంటే అదేమిటో తహసీల్ ఆఫీసులో కనుక్కోండి. విస్తీర్ణం దగ్గర తికమకపడొద్దు, డిసిమిల్ అన్నా మన సెంటు అన్నా 48.4 గజాలే. మీ మూడు డిసిమిళ్లు 145 గజాలు, ఆ ప్లాటుకు దాదాపు సమానం.

పెద్దాయన ఒక్కడే అమ్ముతున్నాడని రాశారు. తక్కిన తోబుట్టువులిద్దరూ సంతకం చేయాలి. వాళ్లలో ఆడపిల్లలుంటే, పెళ్లయి వెళ్లిపోయారుగా అనే మాట వినకండి, తండ్రి ఆస్తిలో వాళ్లకూ వాటా ఉంది. దూరంలో ఉన్నా రిజిస్ట్రేషన్ రోజుకు రప్పించండి. తర్వాత సంతకం పెడతారులే అంటే అడ్వాన్సు ఇవ్వకండి.

ఇల్లు చూడ్డానికి ఎండలో కాదు, వాన వెలిశాక వెళ్లండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మహేంద్రతనయ ఎలా పొంగిందో మీకు తెలియంది కాదు. ఆ వీధిలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో అమ్మేవాళ్లను కాదు, ఎదురింటి ముసలమ్మను అడగండి. గోడల అడుగున సున్నం పొరలు పొరలుగా లేస్తోందా, ఇనుప బీరువా కాళ్లు తుప్పుపట్టాయా, గుమ్మం చెక్క కింద మెత్తబడిందా చూడండి. స్లాబు కింద పెచ్చులూడి చువ్వ కనబడితే ఇంజినీరుకు చూపించందే మాట ఇవ్వొద్దు. మామగారి మోకాళ్లకు కింది గదికి ఆనుకునే మరుగుదొడ్డి ఉండాలి, లేకపోతే కట్టించే చోటైనా ఉండాలి. నా దృష్టిలో ఇది పడగ్గదుల లెక్క కన్నా ముఖ్యం.

ఇక డబ్బు. ఇల్లు మీ పేరన రిజిస్టరు చేయించండి. ఒడిశాలో ఆడవాళ్లకు స్టాంపు సుంకం 4 శాతం, మగవాళ్లకు 5. ఫీజు 2 శాతం ఇద్దరికీ ఉంది. 21 లక్షల మీద 1.26 లక్షలు. మీ ఏడు లక్షల్లో మరో లక్షన్నర మరమ్మతులకూ మామగారి ఆసుపత్రికీ ముట్టకుండా ఉంచండి. మిగిలిన 4.24 లక్షలు చేతినుంచి పెడితే సుమారు 17 లక్షలు అప్పు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్లయితే నెలకు 14,750 దాకా. అద్దె 6,500 తప్పుతుంది కనుక కొత్తగా పడే బరువు 8,250. ఓ ఆర్నెల్లు ఆ సొమ్ము పక్కన వేసి చూడండి, ఇల్లు గడుస్తుందో లేదో తెలుస్తుంది. 30 లక్షల లోపు అప్పుకు విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. కానీ ఆ విలువ బ్యాంకు ఇంజినీరు కట్టేది, బేరమాడిన ధర కాదు. పాత డాబాకు తక్కువ కడతారు. అడ్వాన్సుకు ముందే ఆ లెక్క తెప్పించుకోండి. పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో విడతలో వడ్డీ రాయితీ 1.80 లక్షల దాకా ఉంది. మీ ఆదాయం దానికి సరిపోతుంది, మీ దంపతులకు దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అప్పుకు వెళ్లిన రోజే అడగండి.

తోబుట్టువుల సంతకాలు కుదరకపోతే ఆ ఇల్లు వదిలేసి, పర్లాలోనే ఇంకోటి వెతకండి.

ప్రశ్న: జయపురం దగ్గర ఒక ఆదివాసీ రైతు ఇంటి స్థలం చవగ్గా ఇస్తానంటున్నాడు. తెల్లకాగితం మీద ఒప్పందం రాసుకుందామంటున్నారు మధ్యవర్తులు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కొరాపుట్ జిల్లా

జవాబు: వద్దు బాబూ. పాత కొరాపుట్ జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడి ఆదివాసీ భూముల బదిలీపై ఒడిశా తెచ్చిన 1956 నాటి రెండో రెగ్యులేషన్‌కు 2002లో అమల్లోకి వచ్చిన సవరణతో ఆదివాసీ భూమి ఆదివాసేతరులకు బదిలీ కావడం పూర్తిగా ఆగిపోయింది. వేరే ఆదివాసీ పేరన కొని మీరు ఉండటం కూడా కుదరదు. మీ డబ్బూ పోతుంది, ఆ రైతుకు ఉన్న ఒక్క ఆధారమూ చిక్కుల్లో పడుతుంది. అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఈ వారంలోనే మధ్యవర్తుల దగ్గర వెనక్కి తీసుకోండి.