"కింగ్ ఆఫ్ మాస్క్స్" సినిమాలో ఆ ముసలాయన పాపకి విద్య ఎందుకు నేర్పడు?

ఇది 1996లో వచ్చిన చైనీస్ సినిమా, డైరెక్టర్ వూ తియన్‌మింగ్. కథ 1930ల నాటి సిచువాన్‌లో నడుస్తుంది. వాంగ్ అనే ముసలాయన పడవలో ఒంటరిగా ఉంటూ, ఊరూరా వీధుల్లో కనురెప్పపాటులో ముఖం మీది మాస్కులు మార్చే ఆట ఆడి బతుకుతుంటాడు. పెళ్ళాం ఎప్పుడో వదిలేసి వెళ్ళిపోయింది, కొడుకు చిన్నప్పుడే పోయాడు. ఈ విద్య మగ వారసుడికే ఇవ్వాలన్నది వాళ్ళ కట్టుబాటు, అందుకే పిల్లల్ని అమ్మే సంతలో ఒక పిల్లాడిని కొనుక్కొస్తాడు, తీరా చూస్తే ఆడపిల్ల! అప్పటిదాకా "తాతా" అన్న పిల్ల ఆ తర్వాత "యజమానీ" అనాల్సి వస్తుంది (నాకైతే సినిమా మొత్తంలో బాగా గుచ్చుకున్నది ఇదే).

అంటే ఆయన దుర్మార్గుడేం కాదు, ఆచారాన్ని దాటలేకపోయాడంతే. ఇంకో తమాషా ఏంటంటే ఆయన్ని గౌరవించే పెద్ద ఒపెరా స్టార్ లియాంగ్ స్టేజీ మీద ఆడవేషం వేసే మగాడు, జనం ఆయనకి బ్రహ్మరథం పడతారు, మన కూచిపూడిలో సత్యభామ వేషం ఒకప్పుడు మగవాళ్ళే కట్టినట్టు. ఆడవేషానికి అంత గౌరవం, ఆడపిల్లకి మాత్రం విద్య లేదు.

తర్వాత ఎవరి పిల్లాడినో ఎత్తుకొచ్చాడని ముసలాయన్ని జైల్లో వేస్తే ఆ పాపే ప్రాణాలకి తెగించి విడిపిస్తుంది, అప్పుడుగానీ ఆయన మనసు మారదు. ముసలాయనగా ఝు షూ అసలు నటించినట్టే ఉండదు, తప్పకుండా చూడండి.