ఫార్మాట్ మాత్రం కొట్టకు

విజయనగరం

ఒరేయ్ చిన్నా,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "వీడు లాప్‌టాప్‌లో విండోస్ పక్కన లినక్స్ మింట్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడక్కా, ఇప్పుడది లేవట్లేదు. షాపుకి ఇద్దామంటే నేనే బాగుచేస్తానంటున్నాడు" అన్నాడు. మన ఇంట్లో నా తర్వాత కంప్యూటర్‌తో పేచీకి దిగినవాడివి నువ్వేనని సంతోషమేసింది. ఆ వెంటనే, నానమ్మ వీడియోలన్నీ అందులోనే ఉన్నాయని గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

లేవనంత మాత్రాన లోపలివి పోయినట్టు కాదు. ఇది తెలియకే నేను మునిగాను.

2009లో, మూడు లాంతర్ల దగ్గర డీటీపీ సెంటర్ నడిపే రోజులు. విండోస్ ఎక్స్‌పీ ఉన్న కంప్యూటర్‌కి రెండో హార్డ్‌డిస్క్ తగిలించి, పాతదాంట్లోనే ఎక్స్‌పీ పక్కన ఉబుంటు అనే లినక్స్ ఎక్కించాను. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర, ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదని ఒక్క లైను. తెల్లారేసరికి రెండు పెళ్లి కార్డుల ప్రూఫులు ఇవ్వాలి. తెలిసినాయనకి ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొట్టేయండి మేడమ్, అరగంట పని" అన్నాడు. టెన్షన్‌లో పాత డిస్క్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాను. రీస్టార్ట్ చేశాను. మళ్లీ అదే నల్ల తెర, అదే లైను!

పొద్దున్న టైపింగ్‌కి వచ్చే కుర్రాడు డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి, అంటే కంప్యూటర్ ఏ డిస్క్ నుంచి లేవాలో చెప్పే సెట్టింగుల్లోకి వెళ్లి, డిస్కుల వరస మార్చాడు. లేచి కూర్చుంది. కొత్త డిస్క్ పెట్టగానే బయోస్ దాన్ని ముందుకు తెచ్చుకుంది, అందులో బూట్ అవడానికి, అంటే కంప్యూటర్ లేవడానికి, ఏమీ లేదు, అంతే తప్పు.

కార్డులు మళ్లీ టైపు చేశాను. కానీ ఆ డిస్క్‌లో మీ తాత గొంతు ఉండేది. పైడితల్లి అమ్మవారు పూజారి కలలోకొచ్చి, పండగలో ఆయన్ని ఎక్కించి ఊరేగించే సిరిమాను చెట్టు జాడ ఎలా చెబుతుందో, ఆ చింతమానుని ఊళ్లోకి ఎలా తెస్తారో మూడు క్యాసెట్ల నిండా చెప్పాడు. కంప్యూటర్‌లోకి ఎక్కించాక, బూజు పట్టాయని ఆ క్యాసెట్లు పారేసింది కూడా నేనే. మీ నాన్నకి ఈ సంగతి ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అందుకని ముందు నువ్వు మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తోనే లాప్‌టాప్ లేపు. ఇన్‌స్టాల్ జోలికి పోకుండా నానమ్మ వీడియోలు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చెయ్. విండోస్ డ్రైవ్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ వాడి తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందేమో ఫోన్‌లో చూసి కాగితం మీద రాసుకో. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే కాపలా) మార్చినా అదే అడగొచ్చు, కాబట్టి కీ చేతికొచ్చేదాకా దాన్ని కదపకు.

తర్వాత బయోస్‌లో బూట్ వరస చూడు. విండోస్ యూఈఎఫ్ఐలో (కంప్యూటర్ లేచే కొత్త పద్ధతి) ఉంటే పెన్‌డ్రైవ్‌నీ యూఈఎఫ్ఐలోనే లేపాలి, లెగసీలో, అంటే పాత పద్ధతిలో లేపితే చిక్కు. వరస సరిగ్గానే ఉన్నా లేవకపోతే ఆ పెన్‌డ్రైవ్‌లోనే బూట్ బాగుచేసే బూట్ రిపేర్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, నడుపు. ఛార్జర్ పెట్టుకుని చెయ్యరా, మీ వీధిలో కరెంటు సంగతి నాకు తెలుసు.

కాపీ అయ్యాక ఒక్క వీడియో తెరిచి, నానమ్మ మాట వినబడుతోందో లేదో చూసి, అప్పుడు నాకు ఫోన్ చెయ్. ఎంత రాత్రైనా పర్లేదు.

మీ అత్త