లాటిన్ పూజ లేని వరంగల్‌లో సంప్రదాయ క్యాథలిక్‌గా ఉండటం ఎట్లా?

మీరు అడిగింది ఇది: మీది హనుమకొండ. లాటిన్ పూజ (1960ల దాకా లాటిన్‌లో జరిగిన పాత పద్ధతి పూజ) వీడియోలు చూసినప్పటి నుంచి మన గుళ్లో తెలుగు పూజ, డోలక్, హారతి అన్నీ చప్పగా అనిపిస్తున్నాయి. దానికి తోడు రోమ్ నుంచి, అంటే వాటికన్ నుంచి, రోజుకో గొడవ. ఇక్కడ సంప్రదాయం ఎక్కడ వెతుక్కోవాలి?

నేనూ సంప్రదాయం పట్టుకున్న మనిషినే. శుక్రవారం మా ఇంట్లో మాంసం వండం. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) చేతిలో కాదు, నాలుక మీదే తీసుకుంటాను. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చేయకుండా పాస్కా (ఈస్టర్) పండుగకు కొత్తబట్ట కట్టడం మాకు అలవాటు లేదు. కాబట్టి మీ బాధ నాకు అర్థమవుతుంది. అయితే ముందు ఒక లెక్క చూడండి.

వరంగల్ మేత్రాసనం, అంటే బిషప్ పరిధి, ఏర్పడింది 1952లో. అంతకుముందు ఈ ప్రాంతం హైదరాబాద్ మేత్రాసనంలో ఉండేది. మన తొలి బిషప్ ఆల్ఫోన్సో బెరెట్టాగారు ఇటలీ నుంచి వచ్చిన పిమే (PIME) అనే మిషనరీ సంస్థ గురువు. రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ క్యాథలిక్ బిషప్పుల సమావేశం) 1962 నుంచి 1965 వరకు జరిగింది, ఆ వెనకే పూజ తెలుగులోకి వచ్చేసింది. అంటే యాభైలలో జ్ఞానస్నానం పొందిన మన పల్లెలకు లాటిన్ పూజ ఉన్నది పట్టుమని పదిహేనేళ్లు. అదీ ఫాదర్‌గారు సైకిల్ మీదనో జీపులోనో వచ్చిన రోజున. మిగతా ఆదివారాలు ఊళ్లో మతబోధ చేసే ఉపదేశిగారే జపాలు చెప్పించేవారు, అవి తెలుగులోనే. మా నాయనమ్మ ఆ రోజులు చూసింది. "అయ్యగారు అటు మళ్లి ఏందో చదువుకునేది, మేం ఇటు జపమాల చెప్పుకునేది, గంట కొడితే తల వంచేది" అనేది. ఆమెకు నోటికి వచ్చిన పాతది ఏదైనా ఉందంటే "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము." వీడియోల్లో కనిపించే ఆ జరీ వస్త్రాలు, ధూపం, పెద్ద పెద్ద గాయకబృందాలు మన తాతలు పోగొట్టుకున్న ఆస్తి కావు. వాళ్ల చేతికి అవి సరిగ్గా రానేలేదు.

హారతి సంగతి. వాటికన్ 1969 ఏప్రిల్ 25న భారతదేశానికి పన్నెండు అంశాలకు అనుమతి ఇచ్చింది: చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, పంచాంగ ప్రణామం, చేతులు జోడించడం, హారతి, నూనె దీపం, ఇట్లాంటివి. ఎవరో కుర్రఫాదర్ సరదాకు తెచ్చింది కాదు. నచ్చకపోవడం మీ ఇష్టం. హారతి పళ్లెం తిప్పేటప్పుడు సినిమా బాణీలో పాట పెడితే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ దాన్ని అన్యాచారం అనేముందు ఆ అనుమతి గురించి తెలుసుకోవాలి. చిత్రం ఏమిటంటే, పెంతెకోస్తు చుట్టాలు మరియమాత స్వరూపం చూసి మనల్ని విగ్రహారాధకులంటారు, ఇంటర్నెట్ సంప్రదాయవాదులు హారతి చూసి అదే మాటంటారు.

నా దృష్టిలో సంప్రదాయం ఎక్కువగా పంచాంగంలో ఉంటుంది, అంటే ఏ పండుగను, ఏ ఉపవాసాన్ని ఎట్లా పాటిస్తామన్న దాంట్లో. ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగకు కాజీపేటలో బండెక్కి విజయవాడ గుణదల పోయేవాళ్లు మన వైపు చాలామంది. అక్కడ తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. తలనీలాలు మొక్కు కింద, తపస్సు కింద నాకు అభ్యంతరం లేదు. కొబ్బరికాయల బేరం మాత్రం నచ్చదు. ఆగస్టు 15 మోక్షారోపణ పండుగ, పొద్దున పూజ అవగానే అదే ఆవరణలో జెండా. అక్టోబరు అంతా జపమాల మాసం. చాలా ఏళ్లు ఆ రోజుల చుట్టూనే బతుకమ్మ వస్తుంది, ఇక్కడే మన ఆడపిల్లలకు అసలు పరీక్ష. నా పద్ధతి చెప్తాను, నచ్చకపోతే వదిలేయండి. తంగేడు, గునుగు తెచ్చి పక్కింటి వాళ్లతో కలిసి పేర్చడానికి మా అమ్మాయి పోతుంది. పసుపు గౌరమ్మకు మొక్కే దగ్గర పక్కకు జరుగుతుంది. ఇంతకాలంలో ఒక్కరూ నొచ్చుకోలేదు. చీర బాగుందా లేదా అన్నదే వాళ్ల పట్టింపు.

2024లో మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు పడింది. విభూతి బుధవారం 14నే అయిపోయింది, మేము తపస్సుకాలంలో, అంటే పాస్కాకు ముందుండే ఉపవాస రోజుల్లో, ఉన్నాం. శుక్రవారం నాడు ఎదురింటి వదిన జాతర నుంచి వచ్చి గిన్నె నిండా మటన్ తెచ్చింది. "ఈరోజు మాకు ఒద్దు వదినా, రేపు తింటం" అని ఫ్రిజ్‌లో పెట్టాం. దేవత ముందర పెట్టిందా కాదా అని అడిగి ఆమెను చిన్నబుచ్చలేదు. పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో ఈ చిక్కు మీదనే, అంటే విగ్రహాలకు పెట్టిన మాంసం తినొచ్చా అన్నదాని మీదనే, రాశారు, 8, 10 అధ్యాయాలు చదవండి. మీ వీడియోల కంటే అవి పనికొస్తాయి.

రోమ్ గొడవలకు వస్తే, మూలపత్రం చదవనిదే నేను ఎవరితోనూ వాదన పెట్టుకోను. 2023 డిసెంబరు 18న 'ఫిదూచియా సుప్లికాన్స్' అనే వాటికన్ పత్రం వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో "పోప్ స్వలింగ పెళ్లిళ్లకు ఒప్పుకున్నాడు" అని తిరిగింది. పత్రంలో ఉన్నది వేరు: వివాహం మీద శ్రీసభ (క్యాథలిక్ సంఘం) బోధ మారలేదు, పూజావిధి ఏదీ ఉండదు, పెళ్లిలా కనిపించకూడదు, అడిగి వచ్చిన అలాంటి జంటలకు క్లుప్తంగా ఆశీర్వాదం ఇవ్వొచ్చు. ఆ పత్రం రాకుంటేనే బాగుండేదని నా అభిప్రాయం. ఆఫ్రికా బిషప్పులు ఆ ఆశీర్వాదాలు తమ దగ్గర తగవని బాహాటంగానే చెప్పారు. అభ్యంతరం ఉంటే అట్లా చెప్పాలి, అబద్ధం జోడించకుండా. 2025 నవంబరు 4న మరియమాతకు 'సహ రక్షకి' అన్న బిరుదు తగదని వచ్చిన పత్రం మీదా ఇదే రచ్చ. ఆ బిరుదు మా జపమాల గుంపులో ఎవరి నోటా ఎన్నడూ విన్నది కాదు.

మన దగ్గర నిజంగా మాట్లాడాల్సిన వివాదం ఇంకొకటి ఉంది, దాని మీద ఆ లాటిన్ పూజ ఛానళ్లలో నాకు ఒక్క వీడియో కనబడలేదు. మా చుట్టాల ఊళ్లో, ఊరి పేరు వద్దు, పండుగ తేరు ప్రతి ఏడూ పెద్దరోడ్డు మీదే తిరిగి వెనక్కి వచ్చేది. దళితవాడలోకి పోయేది కాదు. అడిగితే దారి ఇరుకు అనేవారు. వరికోత మిషన్ పోయే దారిలో మరియమాత తేరు పట్టదట! ఒక ఏడు ఆ వాడవాళ్లు పండుగ భోజనాలకు రాలేదు. తర్వాత వచ్చిన ఫాదర్‌గారు తేరును ముందు అక్కడికే తీసుకెళ్లమన్నారు. కొందరు పెద్దమనుషులు చందా ఆపేశారు. తేరు మాత్రం బాగానే పట్టింది.

దీనికి బయటి ముడి కూడా ఒకటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులకు ఉన్నది బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్. అందుకే గుళ్లో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు. వాళ్లను విశ్వాసం తక్కువ మనుషులని అనేవాళ్లు ఒక్క రోజు ఆ స్థితిలో బతికి చూడాలి. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల అంతోనిగారు దళితుల్లోంచి తొలి కార్డినల్ అయ్యారు. అప్పుడు ఫ్లెక్సీలు కట్టినవాళ్లలో కొందరు తమ ఊరి తేరు దారి మాత్రం మార్చలేదు.

లాటిన్ మీద మీ ఆశ తీరే మార్గం ఉంది. పాత పూజకు 2007లో బెనెడిక్ట్ పోప్‌గారు తలుపులు బార్లా తెరిచారు. 2021 జులై 16న ఫ్రాన్సిస్ పోప్‌గారు వాటిని బిగించి నిర్ణయం బిషప్పుల చేతికి ఇచ్చారు. ఆ తర్వాత అభిషిక్తులైన గురువులకైతే రోమ్‌ను సంప్రదించాకే అనుమతి. కావాలంటే బిషప్‌గారికి ఉత్తరం రాయొచ్చు, మర్యాదగా. కానీ ఇప్పటి తెలుగు పూజలోనే లాటిన్ గానానికి చోటు ఉంది. భక్తులు తమ వంతు భాగాలను లాటిన్‌లో కూడా చెప్పగలిగేలా, పాడగలిగేలా చూడాలని 1963లో రెండో వాటికన్ మహాసభే చెప్పింది. పూజలో పాడే సాంక్తుస్, ఆగ్నుస్ దేయి అనే లాటిన్ పాటలు నేర్చుకోవడానికి రెండు మూడు వారాలు చాలు. పాడే గొంతుంటే మీ విచారణలో (పారిష్‌లో) గాయకబృందం వాళ్లను కలవండి. అక్కడా మా దగ్గరలాగే మగ గొంతులు తక్కువ ఉంటే వెంటనే చేర్చుకుంటారు.